నాన్సల్మా ఇంటి టీచరమ్మ

తొమొయె ఆ ఊళ్ళో జీపు దిగగానే మొదట భయపడింది గొలుసు తెంపుకునేలా మొరుగుతున్న కుక్కను చూసి కాదు, ఆ ఇంటి ఇల్లాలిని చూసి.

నవంబరు మొదటివారం. నాన్సల్మా చెక్కల ప్రహరీ తలుపు తీసి నిలబడి ఉంది. నలభై ఆరేళ్ళ మనిషి, వెడల్పాటి భుజాలు, మోచేతుల దాకా పిండి. ఊళ్ళో ఉన్న రెండు కొట్లకూ రొట్టెలు కాల్చి వేసేది ఆవిడే. వచ్చిన పిల్లను తలనుంచి కిందికి చూస్తూ చూస్తూ బూట్ల దగ్గర ఆగింది.

"ఇవేనా బూట్లు?" అంది.

తొమొయె రెండున్నర నెలలు నగరంలో మంగోలు భాష నేర్చుకుని వచ్చింది. ఆ మాత్రం అర్థమైంది. తలూపింది.

"ఇవి బూట్లు కావు, మేజోళ్ళు" అంది నాన్సల్మా, ఆమెతో కాదు, జీపు డ్రైవరుతో. "వీటితో ఇక్కడికి పంపారంటే ఆ పంపినవాళ్ళెవరో ఈ గడ్డ మీద ఒక్క చలికాలం కూడా గడిపి ఉండరు."

తొమొయె వయసు ఇరవై అయిదు. జపాన్‌లో దక్షిణపు తీరాన, కోచి దగ్గర చిన్న ఊరు వాళ్ళది. అక్కడ నాలుగు మంచు రేకులు రాలితే బడికి సెలవిస్తారు. చిన్నప్పటినుంచీ ఆమె పిరికిది. ఫోను మోగితే ఉలిక్కిపడేది, కొత్తవాళ్ళ ముందు గొంతు పెగిలేది కాదు. రెండేళ్ళు స్వచ్ఛందంగా పరాయి దేశంలో లెక్కలు చెప్పడానికి పేరిచ్చానని ఇంట్లో చెప్పినప్పుడు తల్లి చేతిలో గిన్నె కింద పెట్టి, "నువ్వా?" అంది. ఆ ఒక్క మాటకోసమే తొమొయె వెనక్కి తగ్గలేదు.

నాన్సల్మా ఆమెకు చెప్పిన మొదటి సంగతి తిండి గురించీ కాదు, పక్క గురించీ కాదు.

"బయటికి అడుగు పెడితే నాకు చెప్పాలి. దొడ్డికి వెళ్ళినా సరే, చెప్పి వెళ్ళాలి. గుమ్మం నుంచి దొడ్డి దాకా తాడు కట్టి ఉంది చూశావా? చెయ్యి దాని మీద ఉండాలి."

దొడ్డి ముప్పై అడుగుల దూరం. ఎండ కాస్తోంది. తొమొయె తాడు పట్టుకునే వెళ్ళింది, తాడు పట్టుకునే వచ్చింది. వంటింటి కిటికీలోంచి నాన్సల్మా ముఖం అటూ ఇటూ కదలకుండా ఆమెనే చూస్తోంది.

మూడో రోజుకు బూట్ల సంగతి బయటపడింది. సాయంత్రం కాగానే నాన్సల్మా ఆమె బూట్లు తీసుకెళ్ళి తన మంచం కిందికి తోసేది.

"అక్కా, బూట్లు నా గది. నేను పెట్టు" అని తొమొయె కూడబలుక్కుని చెప్పింది.

"ఇక్కడైతే వెచ్చగా ఉంటాయి" అని నాన్సల్మా కూర ముక్కలు కోసుకోసాగింది. కత్తి పైకి లేవడం, కిందికి దిగడం తప్ప ఇంకో చప్పుడు లేదు.

బడికి వెళ్ళేటప్పుడు నాన్సల్మా కూతురు నింజిన్ తోడు. ఎనిమిదేళ్ళ పిల్ల, తొమొయె పాఠం చెప్పే మూడో తరగతే. చెయ్యి పట్టుకుందంటే గోళ్ళు దిగేవి. నొప్పిగా ఉంది, వదులు అంటే, "అమ్మ వదలొద్దంది టీచరమ్మా" అనేది. నాలుగింటికి బడి వదిలేసరికి వీధి మలుపులో నాన్సల్మా నల్ల కోటు. పిలవదు, చెయ్యూపదు. వీళ్ళను చూసి వెనక్కి తిరిగి ముందు నడుస్తుంది. ప్రహరీ తలుపుకు లోపలినుంచి గడియ పడుతుంది.

నన్ను దొంగ అనుకుంటోందేమో అనుకుంది తొమొయె. కాకపోతే పరాయి దేశపు మనిషిని గమనించి చెప్పమని ఎవరైనా పురమాయించారేమో. ఊహకు మాట తోడు లేకపోతే అది ఎటైనా పోతుంది. అడిగి తెలుసుకుందామంటే ఆమె దగ్గరున్న మాటలు సంతలో బేరానికి కూడా చాలవు.

బడిలో మాత్రం కాస్త ఊపిరాడేది. క్లాసు టీచరు ఒత్గోన్ యాభై దాటిన మనిషి, కొండంత ఆకారం, నోటికి అడ్డూ ఆపూ లేదు. మొదటిరోజే పిల్లలతో, "ఈవిడ పేరు వినండి. తొమొయె. మన భాషలో పెద్దది అన్నట్టే ఉంది. మనిషిని చూస్తే నా సంచిలో పడుతుంది" అంది. ఆ రోజునుంచి ఆమె పిల్లలకు పెద్ద టీచరమ్మ. రెండోవారంలో తొమొయె పాఠం మధ్యలో, "గొర్రె మోగిందా?" అని అడిగింది. వాళ్ళ భాషలో గంటకూ గొర్రెకూ పలుకులో వెంట్రుకవాసి తేడా. పందొమ్మిదిమంది పిల్లలూ బల్లల మీద వాలిపోయి నవ్వారు. ఒత్గోన్ కళ్ళు తుడుచుకుంటూ, "మోగలేదమ్మా, ఇంకా మేస్తోంది" అంది. తొమొయె కూడా నవ్వింది. ఆ నవ్వు మలుపులో నల్ల కోటు కనబడేదాకా ఉండేది.

డిసెంబరులో ఒకరోజు కొట్లో సబ్బు కొనడానికి నిలబడింది. నింజిన్ మిఠాయి సీసాల దగ్గర ఉంది. వెనక ఇద్దరు ఆడవాళ్ళు. ఆమెకు రాదనుకున్నారో, వచ్చినా ఫరవాలేదనుకున్నారో గాని గొంతు తగ్గించలేదు.

"ఈమె కూడా నాన్సల్మా ఇంట్లోనేనా?"

"అక్కడే. చూద్దాం. ఆ ఇంట్లో టీచర్లు నిలవరు."

"ఆ పిల్ల మంచమే వేసి ఉంటారు."

"వేరే మంచం ఎక్కడిది వాళ్ళకి?"

తొమొయె ఇంటికి వచ్చి పరుపు ఎత్తి చూసింది. తలవైపు చెక్క మీద పెన్సిలుతో ఒక పేరు రాసి ఉంది. ఉయాంగ. కింద ఒక చిన్న పువ్వు బొమ్మ.

"ఉయాంగ ఎవరు?" అని నింజిన్‌ను అడిగింది.

పిల్ల ముఖం మారిపోయింది. "అమ్మ ఆ పేరు ఎత్తొద్దంది."

"ఎక్కడుంది ఇప్పుడు?"

నింజిన్ తలుపు వైపు చూసి, "లేదు" అని పరుగెత్తింది.

ఆ రోజునుంచి తొమొయె పడుకునే ముందు తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకునేది. నాన్సల్మా భర్త చోయిజిల్ గొర్రెల మందతో చలికాలపు విడిదిలో ఉంటాడు. పదిరోజులకోసారి మాంసం, పిడకలు బండిలో వేసుకుని వచ్చి ఒకపూట ఉండి పోయేవాడు. మాటలు తక్కువ మనిషి. జనవరిలో వచ్చినప్పుడు వంటింట్లో భార్యతో అంటున్నాడు: "ఆ పిల్లను కాస్త ఊపిరి పీల్చుకోనివ్వవే."

నాన్సల్మా మెల్లగానే జవాబిచ్చింది, కానీ తొమొయెకు ప్రతి అక్షరం వినబడింది.

"పోనివ్వను. ఈసారి పోనివ్వను."

తొమొయె చేతిలో ఉన్న ఉప్పు టీ గిన్నె తొణికి ఒళ్ళో పడింది. వేడి తెలియలేదు.

ఫిబ్రవరిలో తెల్లమాసపు పండగ వచ్చింది, వాళ్ళ కొత్త సంవత్సరం. నాన్సల్మా తొమొయె ముందు ఒక జత బూట్లు పెట్టింది. లోపల గొర్రె ఉన్ని, మందపాటి అడుగు, తన చేత్తో కుట్టినవి. "వేసుకో" అంది. సరిపోయాయి. తొమొయెకు కృతజ్ఞత చెప్పాలో, దండం పెట్టి వెనక్కి ఇచ్చేయాలో తెలియలేదు. ఆ సాయంత్రం ఆ బూట్లూ మంచం కిందికే వెళ్ళాయి.

మార్చి చివర ఆమె ధైర్యం కూడగట్టుకుని ఒత్గోన్‌ను పక్కకు పిలిచింది. "నేను ఇల్లు మారు. నాకు భయం. నాన్సల్మా అక్క, ఉయాంగ, నాకు తెలియదు."

ఒత్గోన్ నవ్వలేదు. బల్ల మీద కూర్చుంది, బల్ల కిర్రుమంది.

"నీకెవరూ చెప్పలేదన్నమాట. మేము చెప్పాల్సింది. మూడేళ్ళ కిందట ఉయాంగ అని పాటల టీచరు ఉండేది. నగరం పిల్ల, నీ వయసే. ఆ ఇంట్లోనే ఉండేది. ఇలాంటి మార్చి నెల్లోనే మంచుగాలి లేచింది, ఎదురుగా ఉన్నది కూడా కనబడదు. ఇంటినుంచి బడికి బయల్దేరింది. నాలుగు వందల అడుగులు లేదు. మూడోరోజు మైదానం చివర ఉప్పునేల దగ్గర దొరికింది, ప్రాణం లేదు. నాన్సల్మా చెడ్డది కాదు. కానీ నువ్వు ఆ ఇంట్లో ఉంటే నీకూ ఆవిడకూ ఇద్దరికీ మతి పోతుంది. మా ఇంట్లో ఒక గది ఖాళీ. వచ్చే సోమవారం వచ్చెయ్" అంది.

విన్నాక తొమొయె భయం తగ్గలేదు, చోటు మారిందంతే. ఇన్నాళ్ళూ నాన్సల్మా అంటే భయపడింది, ఇప్పుడు తను పడుకునే మంచం అంటే భయం వేసింది. కిటికీలోంచి కనబడే ఆ చదును మైదానం అంటే భయం వేసింది. నాలుగు వందల అడుగులు. రోజూ వెళ్ళి వచ్చేటప్పుడు లెక్కపెట్టుకునేది. మూడు వందల ఎనభై రెండు. ఇల్లు మారుతున్న సంగతి నాన్సల్మాతో రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ గురువారం దాకా వచ్చింది.

గురువారం పొద్దున ఎండ మెత్తగా ఉంది. పైకప్పుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. పిల్లలు పలచని చొక్కాల మీద పైకోటు బొత్తాలు పెట్టుకోకుండా వచ్చారు. ఒత్గోన్ మీటింగు పని మీద జిల్లా కేంద్రానికి వెళ్ళింది. మూడో తరగతి ఉండేది పాత భవనంలో. కొత్త బడి అక్కడినుంచి నూటయాభై అడుగులు. ఆ రోజు పాత భవనంలో పెద్దవాళ్ళంటూ ఉన్నది తొమొయె ఒక్కతే.

పదకొండున్నరకు వాయవ్యాన ఆకాశం పసుపుపచ్చగా మారింది. కుక్కలన్నీ మొరగడం మానేశాయి. తొమొయె కిటికీ దగ్గరకు వెళ్ళేలోపే ఆ పసుపు దుమ్ము గోడలా ఊరి మీదకు వచ్చింది, వెనకే తెల్లటి మంచు. భవనం ఒక్కసారి తోసినట్టు కదిలింది. ఎదురుగా ఉన్న కొత్త బడి కనబడకుండా పోయింది. జెండా కర్ర పోయింది. కిటికీ అంచు కూడా సరిగా కనబడలేదు.

ఫోను మోగింది. హెడ్మాస్టరు.

"పిల్లల్ని..." అన్నాడు. తర్వాత గరగర. తర్వాత ఏమీ లేదు. టవరు పోయింది.

పిల్లల్ని పంపించమన్నాడా? పంపించొద్దన్నాడా? ఆ తర్వాతి మాటకోసం ఆమె ఫోను చెవికి ఆనించుకుని ఎంతసేపు నిలబడిందో తెలియదు. పందొమ్మిది జతల కళ్ళు ఆమెనే చూస్తున్నాయి.

"ఇంటికి పంపమంటున్నారేమో టీచరమ్మా" అన్నాడు వెనక వరుసలో ఒకడు. అప్పటికే సగంమంది సంచులు భుజాన వేసుకున్నారు.

తొమొయె వెళ్ళి తలుపు గడియ వేసింది. బల్ల లాగి తలుపుకు అడ్డం పెట్టి దాని మీద కూర్చుంది.

"ఎవరూ వెళ్ళరు" అంది.

సొలొంగో అనే పిల్ల ముందుకొచ్చింది. తరగతిలో ఎవరికీ జంకని పిల్ల. "మా ఇల్లు ఇక్కడే. కిటికీలోంచి కనిపిస్తుంది. నేను పరుగెత్తి వెళ్ళిపోతా."

"చూపించు" అంది తొమొయె. "నీ ఇల్లు. ఇప్పుడు చూపించు."

సొలొంగో కిటికీ దగ్గరకు వెళ్ళింది. అద్దానికి ముక్కు ఆనించింది. చాలాసేపు చూసింది. తిరిగి వచ్చి తన చోట కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు ఒక బల్లనుంచి ఇంకో బల్లకు పాకింది.

తొమొయె వాళ్ళను లెక్కపెట్టింది. పందొమ్మిది. పొయ్యిలో బొగ్గు వేసి మళ్ళీ లెక్కపెట్టింది. పందొమ్మిది. అందరినీ పొయ్యి చుట్టూ దగ్గరగా కూర్చోబెట్టింది. పైకప్పు రేకు ఒకటి ఊడి చప్పుడు చేసుకుంటూ పోయింది. అది పోయిన చోటునుంచి సన్నగా మంచు పొడి రాలుతోంది. బొగ్గు బకెట్టు సగానికి తగ్గింది. రెండు పాత కుర్చీలు విరగ్గొట్టి పక్కన పేర్చుకుంది. ఏదో ఒక పని చేస్తున్నంతసేపూ భయం కాస్త ఎడంగా నిలబడుతుంది. చెయ్యి ఖాళీ అయితే వచ్చి గొంతు మీద కూర్చుంటుంది.

అప్పుడు నింజిన్ ఆమె చెయ్యి లాగింది.

"అమ్మ వస్తుంది."

"రాదు. అమ్మకు తెలుసు. ఇంట్లో ఉంటుంది."

"మీకు తెలీదు టీచరమ్మా. గాలి లేస్తే అమ్మ వస్తుంది. ఈపాటికి బయల్దేరి ఉంటుంది." ఆ పిల్ల ఏడవడం లేదు. రేపు శుక్రవారం అని చెప్పినట్టు చెప్పింది.

తొమొయెకు అయిదు నెలలుగా మలుపులో నిలబడ్డ నల్ల కోటు కళ్ళముందు కదిలింది. రాకుండా ఉండే మనిషి కాదు. మూడు వందల ఎనభై రెండు అడుగులు. అందులో పది అడుగులు పక్కకు పోతే ఇంక అడ్డు ఏదీ లేదు, ఉప్పునేల దాకా మైదానమే.

వెళ్ళి వెతకడం కుదరదు. పందొమ్మిదిమందిని వదలడం కుదరదు. ఏం చెయ్యాలి అని ఆమె గోడలను చూసింది, పైకప్పును చూసింది, పిల్లలను చూసింది. వసారాలో దూలానికి వేలాడే రైలు పట్టా ముక్క గుర్తొచ్చింది. పాత భవనానికి అదే గంట.

"మఫ్లర్లు. అందరూ ఇవ్వండి" అంది.

పందొమ్మిది ఉన్ని మఫ్లర్లు ముడివేస్తే పొడవాటి తాడైంది. ఒక కొస తలుపు పిడికి, ఒక కొస తన నడుముకు. పొయ్యి కదిపే ఇనుప కడ్డీ చేత్తో పట్టుకుంది. సొలొంగోను పిలిచి, "నువ్వు తలుపు. ఇరవై లెక్క. ఇరవైకి నేను రాకపోతే అందరూ లాగండి" అంది. కళ్ళు తుడుచుకుని సొలొంగో తలుపు దగ్గర కాపలా నిలబడింది.

వసారాలో మూడు అడుగులు. గాలి ఆమెను గోడకేసి కొట్టింది. కళ్ళు తెరవలేకపోయింది. పట్టాను చేత్తో తడిమి పట్టుకుని కొట్టింది. చప్పుడు తన చెవికే వినబడనట్టు గాలి తన్నుకుపోయింది. మళ్ళీ కొట్టింది. లోపల పిల్లలు గట్టిగా లెక్కపెడుతున్నారు. ఇరవై. లోపలికి వచ్చి పొయ్యి దగ్గర చేతులు కాచుకుంది. మళ్ళీ బయటికి. ఇరవై. మళ్ళీ లోపలికి.

ఎన్నిసార్లు వెళ్ళిందో పిల్లలకే తెలుసు. వాళ్ళు బల్ల మీద సుద్దతో గీతలు పెట్టారు. ఒకసారి చెవులు మండాయి, తర్వాత మండడం మానేశాయి. అది ఇంకా చెడ్డదని ఆమెకు తెలుసు. రెండు దాటింది. ఎవరూ రాలేదు. బయల్దేరలేదేమో, ఇంట్లోనే ఉందేమో అనుకుంటుంది, వెంటనే నింజిన్ ముఖం చూస్తుంది, మళ్ళీ కడ్డీ తీసుకుంటుంది.

మూడు కావస్తుండగా, పదిహేడో దెబ్బ దగ్గర, తెల్లటి గాలిలో నల్లగా ఏదో కదిలింది. ఇంటివైపునుంచి కాదు. అటుపక్క, మైదానం వైపునుంచి. నేల మీద పాకుతోంది.

"అక్కా" అని అరిచింది. ఆ అరుపు తన నోరు దాటలేదు. ముందుకు ఉరికింది. మఫ్లర్ల తాడు నడుమును పట్టి వెనక్కి లాగింది. ఇంకో ఆరేడు అడుగులు కావాలి. ఆ నల్లటిది దిక్కు తప్పి పక్కకు తిరుగుతోంది.

తాడు విప్పేస్తే అందుకోవచ్చు. చేతులు ముడి మీదకు వెళ్ళాయి కూడా. లోపలినుంచి సొలొంగో గొంతు "ఇరవై" అంది, వెంటనే పందొమ్మిదిమంది లాగారు. ఆమె గుమ్మంలో వచ్చి పడింది.

"నడికట్లు" అంది వగరుస్తూ. "బెల్టులు. అన్నీ. త్వరగా."

ముడులు వేస్తుంటే వేళ్ళు మాట వినలేదు. పిల్లలే వేశారు. ఆ రెండు నిమిషాలకంటే పొడవైన రెండు నిమిషాలు ఆమె జీవితంలో లేవు. మళ్ళీ బయటికి వెళ్ళేసరికి అక్కడ ఎవరూ లేరు. తెలుపు తప్ప ఏమీ లేదు. నేలంతా తడుముకుంటూ పోయింది. తాడు మళ్ళీ బిగిసింది. ఇంక అంతే అనుకున్నప్పుడు కాలి కింద ఒక చెయ్యి తగిలింది.

ఆ కోటు పట్టుకుని వదల్లేదు. పిల్లలు లాగారు. ఇద్దరూ కలిసి గుమ్మంలోకి వచ్చి పడ్డారు.

నాన్సల్మా కనురెప్పలు మంచుతో అతుక్కుపోయాయి. ఎడమచేతికి తొడుగు లేదు. వేళ్ళు మైనంలా తెల్లగా ఉన్నాయి. నింజిన్ తల్లి మెడ కావిలించుకుని అప్పుడు ఏడ్చింది. నాన్సల్మా బాగున్న చేత్తో కూతురి తల తడిమింది, తర్వాత తొమొయె ముఖం తడిమింది, ముక్కు, చెవులు, బుగ్గలు, గొర్రెపిల్లను వెతికి పట్టుకున్న కాపరిలా.

తొమొయెకు ఉన్నట్టుండి ఒళ్ళు మండిపోయింది. ఎన్నడూ ఎవరి మీదా ఎత్తని గొంతు ఎత్తింది.

"ఎందుకు వచ్చు? మీరే చెప్పు! గాలిలో బయటికి వద్దు. మీరే చెప్పు. మీరే వచ్చు. మీరు చచ్చిపోతే నింజిన్ ఏమి? నేను ఏమి?"

పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నాన్సల్మా ఆ మాటలన్నీ తల వంచుకుని విన్నది.

"బడి దాటి పోయాను" అంది చివరికి. "గోడ తగలలేదు. ఎంతసేపు నడిచానో తెలీదు. ఇంక కూర్చుందామనుకున్నా. అప్పుడు ఇనుము మోగడం వినబడింది. ఆగింది. మళ్ళీ మోగింది. అది మోగినప్పుడే కదిలాను."

పొయ్యిలో కుర్చీ కాలు చిటపటమంది. కొంతసేపటికి పిల్లలు ఒకరి మీద ఒకరు ఒరిగి కునికిపాట్లు పడసాగారు. నాన్సల్మా మెల్లగా, తొమొయెకు అర్థమయ్యేట్టు ఒక్కో మాటా విడమరిచి చెప్పింది.

"ఆ రోజు ఉయాంగ నన్ను అడిగింది. 'అక్కా, గాలిగా ఉంది, బడికి వెళ్ళనా మాననా' అని. అంతకుముందే పాలు పొంగించి పొయ్యంతా పాడు చేసింది. నాకు చిరాకు. 'నువ్వేమన్నా చక్కెర బొమ్మవా కరిగిపోడానికి? నాలుగడుగులు నడవలేవా' అన్నాను. నవ్వింది. నవ్వుతూనే వెళ్ళింది. ఈ సంగతి చోయిజిల్‌కు తప్ప ఎవరికీ తెలీదు. దాని తల్లికి తెలీదు."

తొమొయె నాన్సల్మా చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది.

ఆరింటికి గాలి తెగింది. నడుములకు తాళ్ళు కట్టుకుని మగవాళ్ళు వచ్చి తలుపు తట్టారు. తొమొయె పిల్లలను మళ్ళీ లెక్కపెట్టి ఒక్కొక్కరినే అప్పగించింది. పంపించొద్దనే చెప్పబోయానని హెడ్మాస్టరు అన్నాడు. అది విన్నాక ఆమె ఖాళీ బల్లలను ఇంకోసారి లెక్కపెట్టింది.

ఆ గాలికి చోయిజిల్ మందలో సగం పోయింది. మనిషి నాలుగోరోజున గుర్రం మీద ఇల్లు చేరాడు. నాన్సల్మా ఎడమచేతి రెండు వేళ్ళు పై కణుపుల దాకా జిల్లా ఆసుపత్రిలో తీసేశారు. సోమవారం ఒత్గోన్ సామాను కోసం బండి తీసుకుని వచ్చేసరికి తొమొయె మోచేతుల దాకా పిండితో ఉంది.

"ఇప్పుడు కాదు. రొట్టె ఎవరు చెయ్యి?" అంది.

ఒత్గోన్ ఒక రొట్టె తీసి కొరికి చూసి, "ఊరివాళ్ళ పళ్ళు ఏం పాపం చేశాయమ్మా" అని మిగతాది బండి గుర్రానికి పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా గాలి వీచినప్పుడల్లా తొమొయెకు అరచేతులు చెమర్చేవి. నాన్సల్మాకూ అంతే. పొయ్యికి అటొకరు ఇటొకరు కూర్చుని, నాకు భయంగా ఉంది అని ఒకరు, నాకూ అంతే అని ఇంకొకరు అనుకునేవాళ్ళు. అంతవరకు ఆ ఇంట్లో ఆ మాట పైకి అన్నవాళ్ళు లేరు.

జులైలో నాన్సల్మా నగరానికి ప్రయాణమైంది. "నాతో రా పిల్లా. ఒక్కదాన్నయితే దారిలోనే దిగిపోతాను" అంది. రోజంతా బస్సులో ఆవిడ ఒక్క ముద్ద తినలేదు. ఉయాంగ తల్లి ఉండేది నాలుగో అంతస్తులో. మెట్లెక్కుతుంటే రెండో అంతస్తులో ఆగి గోడకానుకుంది. "తుఫానులో ఇంత భయం వెయ్యలేదు" అంది. తొమొయె ఆవిడ కదిలేదాకా పక్కనే నిలబడింది.

తలుపు తీసినావిడ సన్నగా, నెరిసిన జుట్టుతో ఉంది. నాన్సల్మాను గుర్తుపట్టింది. నాన్సల్మా చేతిలో ఉన్న ఎండు పెరుగు బిళ్ళల మూట ఇవ్వడం మరిచిపోయి అక్కడికక్కడే చెప్పడం మొదలుపెట్టింది.

"అక్కా, ఆ రోజు ఉయాంగను నేనే..."

"లోపలికి రండి" అంది ఆవిడ. "గుమ్మానికి అటూ ఇటూ నిలబడి మాట్లాడకూడదు."

లోపల కూర్చున్నాక నాన్సల్మా అంతా చెప్పింది. పాలు, పొయ్యి, చక్కెర బొమ్మ. ఒక్క మాట మింగలేదు. ఉయాంగ తల్లి కిటికీవైపు చూస్తూ విన్నది. కింద వీధిలో ఎవరో కారు బాగుచేస్తున్న చప్పుడు వస్తోంది.

"ఆ పొద్దున ఏమన్నా తిని వెళ్ళిందా?" అని అడిగింది చివరికి.

తిన్నదని చెప్పమని తొమొయె మనసులో వేడుకుంది. నాన్సల్మా తల అడ్డంగా ఊపింది. "లేదు. టీ పోశాను. తాగలేదు."

"ఇక్కడా అంతే" అంది ఆ తల్లి. "పొద్దున పూట ఏమీ ముట్టేది కాదు. ఎన్ని తిట్లు తిట్టానో."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. మాంసం కోస్తున్న చప్పుడు, నూనె కాగుతున్న చప్పుడు వినబడ్డాయి. ఆవిడ తిరిగొచ్చి ఏమంటుందో వాళ్ళకు తెలియదు. నాన్సల్మా సోఫా అంచున కూర్చుని, వేళ్ళ కొసలు పోయిన చెయ్యి ఒళ్ళో దాచుకుని, తలుపు వైపే చూస్తోంది. తొమొయె ఆ చెయ్యి తీసుకుని పట్టుకుంది.